ఆరున్నర వేల సావుల లెక్క ఎట్ల పుట్టింది?

2022ల ఫుట్‌బాల్ వరల్డ్ కప్ నడుస్తున్నప్పుడు మా దిక్కు పోరగాండ్ల వాట్సప్ స్టేటస్‌లల్ల ఒక ఫొటో మస్తు తిరిగింది. మెరిసే స్టేడియం బొమ్మ, దాని కింద ఎర్ర అక్షరాలల్ల "ఈ స్టేడియాలు కట్టుకుంట 6,500 మంది సచ్చిపోయిండ్రు" అని. నాకు గూడ నలుగురైదుగురు పంపిండ్రు. అండ్ల ఒక తమ్ముని నాయిన ఖతర్ల పదకొండేండ్లు మేస్త్రీ పని చేసి వచ్చినోడు. గా తమ్ముడు ఫోన్ జేసి అడిగిండు: "అన్నా, గిది నిజమేనా? మా నాయినేమో ఉత్త అబద్ధం అంటున్నడు."

"సగం నిజం తమ్మీ" అని చెప్పి ఊకున్న. మిగిలిన సగం ఫోన్ల చెప్తే ఒడిసేది కాదు. గా లెక్క ఎవలు తీసిండ్రు, యాడికెళ్లి తీసిండ్రు, ఏం లెక్కబెట్టిండ్రు, ఏం లెక్కబెట్టలే అన్నది చెప్పాలె. అంటే ఒక విదేశీ విలేకరి పని ఎట్ల నడుస్తదో చెప్పాలె. ఇన్నేండ్లకు గా ముచ్చట రాస్తున్న.

మనకెందుకు ఇది అంటరా? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు దొర్కుడు కష్టం. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట మన బతుకుల మీద పుట్టిందే. శంషాబాద్ ఎయిర్‌పోర్టుల కార్గో దిక్కు పెట్టె కోసం రాత్రంత నిలబడ్డోళ్లల్ల నేను గూడ ఉన్న. గా పెట్టెతోని ఒక కాయితం వస్తది. పోయేటప్పుడు రాయి లెక్క ఉన్న ముప్పై ఐదేండ్ల మనిషి మీద గా కాయితంల రెండే మాటలుంటయి: సహజ మరణం. గా రెండు మాటల వెనుక ఏమున్నదో ప్రపంచానికి చెప్పిన పనిల విదేశీ విలేకరుల చెయ్యి పెద్దది.

విదేశీ విలేకరి అంటే ఎవలు?

ఒక దేశపు పేపరో, టీవీనో ఇంకో దేశంల మనిషిని ఉంచి, అక్కడి సంగతులు రాయించుకుంటది. ఆ మనిషే విదేశీ విలేకరి. రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ లాంటి వార్తా సంస్థలకు ఆసియాల శానా పట్నాలల్ల ఆఫీసులున్నయి. పేపర్లకు అంత బలగం ఉండదు. శానా విదేశీ పేపర్లకు ఢిల్లీల ఒకరో ఇద్దరో ఉంటరు. ఇండియాతోని పాటు నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్ ముచ్చట గూడ వాళ్లే చూడాలె. అన్ని భాషలు ఒక్క మనిషికి ఎట్ల వస్తయి? అందుకే ఏ ఊరికి పోయినా అక్కడి మనిషి ఒకడు పక్కన ఉండాలె. అతన్ని ఫిక్సర్ అంటరు. బండి మాట్లాడుడు, ఎవల ఇంటికి పోవాల్నో చెప్పుడు, మాట తర్జుమా చేసుడు, ఏ తొవ్వల పోతే లొల్లి అయితదో ముందే ఎర్క చేసుడు అతని పని. ఇంక స్ట్రింగర్లని ఉంటరు. వాళ్లకు నెల జీతం ఉండదు, వార్తకు ఇంత అని ఇస్తరు. మన మండల కంట్రిబ్యూటర్ల బతుకు చూసినోళ్లకు స్ట్రింగర్ బతుకు నేను చెప్పాల్సిన పని లేదు.

విదేశీ విలేకరులల్ల గూడ రెండు తీర్ల మనుషులుంటరు. భూకంపమో యుద్ధమో వస్తే విమానం దిగి, నాలుగు రోజులు తిరిగి, రాసి పోయేటోళ్లు ఒక తీరు. ఒక దేశంల ఏండ్లకేండ్లు ఉండి, అక్కడి సర్కారు కాయితాలు, జనం నడక ఎరికైనంక రాసేటోళ్లు ఇంకో తీరు. ఖతర్ ముచ్చట బయటికి వచ్చింది రెండో తీరు మనుషులతోని.

కాట్మాండుకు వచ్చిన పెట్టెలు

ఖతర్‌కు వరల్డ్ కప్ దక్కింది 2010 డిసెంబర్ 2న. ఆ తర్వాత స్టేడియాలే కాదు, రోడ్లు, మెట్రో, హోటళ్లు, ఎయిర్‌పోర్టు, కొత్త పట్నం గూడ కట్టుడు మొదలైంది. పనికి మనుషులు పోయింది మన దేశం, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక నుంచే ఎక్కువ.

నేపాల్ల ఉండి పని చేసిన బ్రిటన్ విలేకరి పీట్ ప్యాటిసన్. లండన్ పేపరు ది గార్డియన్‌కు రాస్తడు. 2013 సెప్టెంబర్ల అతని కథనం వచ్చింది. దోహాల ఉన్న నేపాల్ ఎంబసీ కాయితాలు అండ్ల బయట పెట్టిండు. ఆ ఏడాది జూన్ 4 నుంచి ఆగస్టు 8 లోపల కనీసం 44 మంది నేపాల్ కూలీలు ఖతర్ల సచ్చిపోయిండ్రని ఆ కాయితాలల్ల ఉన్నది. రెండు నెలలల్ల 44 పెట్టెలు! సగం కంటే ఎక్కువ మంది గుండె ఆగి, లేకుంటే పని కాడ ప్రమాదంల పోయిండ్రని రాసి ఉన్నది. పాస్‌పోర్టులు గుంజుకున్నరని, నెలలకు నెలలు జీతం ఇయ్యలేదని, ఎండల తాగ నీళ్లు గూడ సక్కగ ఇయ్యలేదని కూలీలు చెప్పిన మాటలు గూడ రాసిండు.

జర ఆగి చూడుండ్రి. ఆయన ఏదో దాచిపెట్టిన ఖజానా తవ్వి తీయలే. పెట్టెలు నేపాల్‌కు దినాం వస్తున్నయి. ఎంబసీ రిజిస్టర్ల పేర్లు ఎక్కుతున్నయి. ఊర్లల్ల దినాలు అయితున్నయి. అన్నీ జనం కండ్ల ముందే ఉన్నయి. ఆయన జేసింది ఏందంటే, ఒక్కొక్క ఇంటి దుఃఖం తీసుకపోయి రిజిస్టర్ పక్కన పెట్టిండు, రిజిస్టర్ తీసుకపోయి కంపెనీ పక్కన పెట్టిండు, అండ్లకెళ్లి వచ్చిన ప్రశ్నను ఫుట్‌బాల్ పెద్దలను అడిగిండు.

ఆ రోజులల్లనే దోహాల నేపాల్ రాయబారి ఖతర్‌ను తలుపులు తెరిచిన జైలు అన్నట్టు మాట్లాడింది. ఆమె సర్కారు ఆమెనే ఎనుకకు పిలిపించుకున్నది. కూలీని పంపిన దేశం గూడ నోరు తెరువొద్దనే చూసింది. పంపే పైసలు ఆగుతయని భయం. మన దేశంల గూడ గా భయం లేదని నేను అనలేను.

ఆరున్నర వేలు ఎట్ల వచ్చినయి?

ఇంక మన స్టేటస్ ముచ్చటకు వస్త. 2021 ఫిబ్రవరిల ది గార్డియన్ ఇంకో పెద్ద కథనం వేసింది. ఈ సారి ప్యాటిసన్ ఒక్కడు కాదు. మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ లాంటి దేశాలల్ల ఉన్న విలేకరులు గూడ కలిసి పని చేసిండ్రు. ఎవల దేశపు లెక్క వాళ్లు సర్కారు కాడికెళ్లి తెచ్చిండ్రు. 2011 నుంచి 2020 దాక ఖతర్ల సచ్చిపోయినోళ్లు: ఇండియా 2,711, నేపాల్ 1,641, బంగ్లాదేశ్ 1,018, శ్రీలంక 557. అన్నీ కలిపితే 5,927. ఇవి గాక పాకిస్తాన్ ఎంబసీ చెప్పిన లెక్క 2010 నుంచి 2020 దాక 824. అందుకే 6,500 మంది కంటే ఎక్కువ అని రాసిండ్రు. వారానికి సగటున 12 మంది.

ఇప్పుడు చూడుండ్రి, ఆ లెక్క ఏం చెప్తున్నదో. ఐదు దేశాల మనుషులు పదేండ్లల్ల ఖతర్ దేశం మొత్తంల ఎంతమంది పోయిండ్రో చెప్తున్నది. ఏ పని చేసేటోళ్లో, ఏ సైటుల పోయిండ్రో ఆ సర్కారు రికార్డులల్ల విడదీసి లేదు. డ్రైవర్ ఉండొచ్చు, ఆఫీసు ఉద్యోగి ఉండొచ్చు, స్టేడియం కూలీ ఉండొచ్చు. స్టేడియాలు కట్టిన సైటుల పనితోని ముడిపడ్డ సావులు అప్పటికి 37 అని, అండ్ల 34 పనితోని సంబంధం లేనియని ఖతర్ నిర్వాహకులు చెప్పిన మాట గూడ అదే కథనంల ఉన్నది. మన స్టేటస్‌లల్ల తిరిగిన ఫొటో గా ముక్క తీసేసి, "స్టేడియాలు కట్టుకుంట" అనే ముక్క అతికించింది.

ఇంకో దిక్కు, గా లెక్క తక్కువ గూడ. ఫిలిప్పీన్స్, కెన్యా లాంటి దేశాల కూలీలు అండ్ల లేరు. 2020 ఆఖరి నెలల సావులు లేవు. అంటే ఫొటో చెప్పినంత ఎక్కువా కాదు, ఖతర్ సర్కారు చెప్పినంత తక్కువా కాదు. లక్షల మంది పనిచేసే కాడ ఇన్ని సావులు ఉండేటియే అని ఖతర్ సర్కారు జవాబు ఇచ్చింది. 2022 నవంబర్ల వరల్డ్ కప్ పెద్ద అధికారి హసన్ అల్ తవాదీ ఒక టీవీ ఇంటర్వ్యూల వరల్డ్ కప్ పనులల్ల పోయినోళ్లు 400 నుంచి 500 మంది దాక ఉంటరన్నడు. ముందు 37, తర్వాత 400. విలేకర్లు ఏండ్ల తరబడి అడుగుకుంట ఉంటేనే గా రెండో మాట బయటికి వచ్చిందని నా సమజ్.

అబద్ధం కలిపితే మనకేం నష్టం, వాళ్లనే కదా తిడుతున్నం అనుకునేటోళ్లు ఉంటరు. నష్టం ఉన్నది. ఒక్క అబద్ధం దొరికితే కంపెనీ వకీలు "చూడుండ్రి, ఇదంత దొంగ లెక్క" అని మొత్తం కాయితం అవతల పారేస్తడు. అండ్లనే మనోళ్లయి 2,711 నిజం సావులు గూడ పోతయి.

'సహజ మరణం' అనే మాట

ఆ కథనంల నాకు అన్నిటికంటే పెద్దది ఇంకో లెక్క. ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్ కూలీల సావులల్ల 69 శాతం సహజ మరణం అని రాసి ఉన్నది. మన దేశపోళ్లయి ఒక్కటే తీస్తే 80 శాతం. ఎక్కువ వరకు శవపరీక్ష చెయ్యకుంటనే గట్ల రాసిండ్రు. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని రాస్తరు. సచ్చినోళ్లందరికి గుండె ఆగుతది. ఎందుకు ఆగిందన్నది కదా రాయాలె!

2014లనే ఖతర్ సర్కారు పెట్టుకున్న లా కంపెనీ, గుండె ఆగి పోయినోళ్ల మీద పరిశోధన చెయ్యుండ్రి, అనుకోకుంట పోయినోళ్లకు శవపరీక్ష చేసేటట్టు చట్టం మార్చుండ్రి అని సలహా ఇచ్చింది. 2019ల కార్డియాలజీ అనే డాక్టర్ల పత్రికల ఒక అధ్యయనం వచ్చింది. ఖతర్ల 2009 నుంచి 2017 దాక పోయిన 1,300 మంది పైన నేపాల్ కూలీల సావులను ఎండ లెక్కలతోని కలిపి చూసిండ్రు. గుండె జబ్బుతోని పోయిండ్రని రాసిన 571 మందిల 200 మంది దాక, ఎండ నుంచి సక్కగ కాపాడితే బతికేటోళ్లే అని తేల్చిండ్రు.

గా రెండు మాటల మీద ఇంటి బతుకు ఆధారపడి ఉంటది. పనితోని పోయిండని రాస్తే కంపెనీ నష్టపరిహారం కట్టాలె. సహజం అని రాస్తే చేతులు దులుపుకుంటది. మన దేశపు ప్రవాసీ భారతీయ బీమా యోజనల గూడ 10 లక్షలు వచ్చేది ప్రమాదంల పోతేనో, శాశ్వతంగ అవిటి అయితేనో. సహజ మరణానికి రావు. 2024ల తెలంగాణ సర్కారు గల్ఫ్‌ల పోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చుడు మొదలువెట్టింది. మంచిదే. అయితే సర్కారు సాయం వేరు, కష్టం చేపిచ్చుకున్నోడు కట్టాల్సిన బాకీ వేరు.

రాసుడుతోని ఏమన్న మారిందా? జర మారింది. విలేకర్లు రాసుడు, కార్మిక సంఘాలు అడుగుడు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒత్తిడి, అన్నీ కలిస్తే 2020ల ఖతర్ చట్టం మార్చింది. పాత కంపెనీ ఎన్‌ఓసీ లేకుంట కొత్త పనికి పోవచ్చన్నది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాల్ కనీస జీతం పెట్టింది. కాయితం మీద చట్టం, క్యాంపుల నడిచే చట్టం ఒక్కటి కాదని పోయొచ్చినోళ్లకు ఎర్కే. కప్పు అయిపోయినంక కెమెరాలు గూడ ఎక్కువ వరకు ఎళ్లిపోయినయి. విదేశీ పేపర్ల మీద నాకున్న పెద్ద కోపం అదే. వాళ్ల దేశపోళ్లు చూసే ఆట ఉన్నన్ని రోజులు మన సావులు మొదటి పేజీల ఉంటయి.

దెబ్బ ఎవలకు తాకుతది?

విదేశీ విలేకరికి కష్టం లేదని కాదు. 2015 మేల బీబీసీ విలేకరి మార్క్ లోబెల్‌ను, ఆయన జట్టును ఖతర్ పోలీసులు పట్టుకపోయి రెండు రాత్రులు లోపల ఉంచిండ్రు. వాళ్లను పిలిచింది గూడ ఖతర్ సర్కారే. చూపెట్టిన కాడ చూడకుంట కూలీల రూములకు పోదామనుకున్నందుకు పట్టుకున్నరు. తర్వాత ఇడిసిపెట్టిండ్రు.

దానికీ దీనికీ ఫరక్ చూడుండ్రి. మాల్కమ్ బిదాలీ కెన్యా నుంచి ఖతర్‌కు పోయిన సెక్యూరిటీ గార్డు. ఇంకో పేరు పెట్టుకోని గార్డుల కష్టాలు నెట్‌ల రాసిండు. 2021 మేల పట్టుకపోయి దాదాపు నెల రోజులు ఒంటరి గదిల ఉంచిండ్రు. పైనంగ 25,000 రియాల్ జుర్మానా వేసిండ్రు. రాసింది ఒక్కటే తీరు ముచ్చట. కూలీకి పడ్డ శిక్ష మాత్రం వేరు.

పాత రోజులల్ల గూడ గిదే కథ. కంబోడియాల న్యూయార్క్ టైమ్స్ విలేకరి సిడ్నీ షాన్‌బర్గ్‌కు తర్జుమా చేసి, తొవ్వ చూపిన మనిషి డిత్ ప్రాన్. 1975 ఏప్రిల్ల ఖ్మేర్ రూజ్ సైన్యం ఫ్నోమ్ పెన్ పట్నంల దిగినంక షాన్‌బర్గ్‌ను, ఇంకొందరు విలేకర్లను చంపబోతే, బతిమిలాడి పానాలు కాపాడింది ప్రాన్. విదేశీ పాస్‌పోర్టు ఉన్నోళ్లు బయటపడ్డరు. ప్రాన్ నాలుగేండ్లు పొలాలల్ల ఆకలితోని, సదువుకున్నోడినని దాచుకోని బతికిండు. 1979ల థాయిలాండ్ సరిహద్దు దాటిండు. 1976ల పులిట్జర్ బహుమతి షాన్‌బర్గ్‌కు వచ్చింది. అది తనకూ ప్రాన్‌కూ కలిపి తీసుకుంటున్న అన్నడాయన. ఆ మాట అనని విలేకర్లు శానా మంది ఉన్నరు. వార్త కింద ఒక్క పేరు కనిపిస్తే, దాని వెనుక కనిపించని పేరు ఏందో అని అడగాలె.

నేను జేసిన తప్పు

ఇది చెప్పకుంటే నా మాటకు ఇలువ ఉండదు. కొన్నేండ్ల కింద ఒక విదేశీ పేపరాయన గల్ఫ్ ముచ్చట రాయనీకి మా దిక్కు వచ్చిండు. నాకు పేపర్లు సదివి నేర్సుకున్న ఇంగ్లీష్ ఉన్నదని ఎవలో చెప్తే, నన్ను పక్కన పెట్టుకున్నడు. పెనిమిటి పోయిన ఒక చెల్లె ఇంటికి తీసుకపోయిన. ఆయన ఎట్ల పోయిండని అడిగిండు. ఆ చెల్లె ఏడ్సుకుంట అర గంట చెప్పింది. నేను రెండు వాక్యాలల్ల చెప్పిన: రాత్రి రూముల పండుకున్నడు, పొద్దున లేవలే, కాయితంల గుండె ఆగిందని రాసిండ్రు, ఇంటి మీద అప్పు ఉన్నది.

ఆ చెల్లె నా దిక్కు చూసి అన్నది: "అన్నా, నేను గంత సేపు చెప్తే నువ్వు గింతే చెప్పినవేంది?"

ఇంటికి వచ్చినంక గుర్తు చేసుకున్న. పోయే రెండు రోజుల ముందు ఆయన ఫోన్ జేసిండట. ఎండకు తల తిరుగుతున్నదని, వాంతులు అయినయని, సెలవు అడిగితే జీతం కోస్తమన్నరని చెప్పిండట. ఆ చెల్లె చెప్పిన ముచ్చటల అన్నిటికంటే బరువైన మాట అదే. నేను దాన్ని ఏడుపు అనుకోని ఇడిసిపెట్టిన. ఆయన సావు సహజం కాదేమో అనే ప్రశ్న పుట్టాల్సింది గా మాటల. నేను చెప్పకపోతే ఆయన ఎట్ల రాస్తడు? మా ముచ్చట అచ్చయినప్పుడు అండ్ల ఎండ లేదు, అప్పు ఒక్కటే ఉన్నది.

మనం ఏం చెయ్యాలె?

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లకు చెప్తున్న. విదేశీ పేపర్ల వచ్చిందని మొక్కుడు వద్దు, విదేశోడు రాసిండని తిట్టుడు వద్దు. వార్త దొరికితే నాలుగు ముచ్చట్లు చూడుండ్రి. రాసినోడు ఆ జాగకు పోయిండా? లెక్క యాడికెళ్లి తెచ్చిండు? ఎదుటోడి జవాబు రాసిండా? అక్కడి మనుషులు ఎవలు సాయం చేసిండ్రు? ఈ నాలుగు లేని ఫొటోను స్టేటస్ పెట్టకుండ్రి.

మీ ఇంటి మనిషి గల్ఫ్‌ల ఉంటే ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు తుడిపెయ్యకుండ్రి. ఎండ ఎంత ఉన్నది, ఎన్ని గంటలు పని, కడుపుల నొప్పి, తల తిప్పుడు, అన్నీ సాక్ష్యాలే. కంపెనీ పేరు, వీసా కాయితం, పాస్‌పోర్టు జిరాక్స్ ఇంట్ల పెట్టుండ్రి. సావు ధ్రువపత్రంల ఏం రాసిండ్రో సదివిపిచ్చుకోని, సమజ్ కాకపోతే అడుగుండ్రి. ఎంతమంది పోయిండ్రన్న లెక్క విదేశాంగ శాఖ కాడ ఉంటది, 10 రూపాయల ఫీజుతోని ఆర్‌టీఐ వేస్తే మీరు గూడ అడగొచ్చు. విలేకరి మీ ఊరికి వస్తే ఏ పేపరు, యాడ అచ్చయితది అని అడుగుండ్రి. మీరు తర్జుమా చేసేటోళ్లయితే నా లెక్క చెయ్యకుండ్రి. ఏడుపుతోని సహా అంతా చెప్పుండ్రి. ఏది బరువైన మాటనో మనకు అప్పుడే తెల్వది.

ఆ తమ్ముని నాయినను తర్వాత ఒకసారి కలిసిన. "ఎందుకే కాకా, అబద్ధం అన్నవట?" అని అడిగిన. "స్టేడియంల సచ్చిండ్రంటే అబద్ధమే మరి" అన్నడు. "నేనున్న క్యాంపుల ముగ్గురు పోయిండ్రు. ఒక్కడు గూడ సైటుల పోలే. ముగ్గురూ మంచంల పండుకున్నోళ్లు పండుకున్నట్టే పోయిండ్రు."

ఆ ముగ్గురి పేర్లు, ఊర్లు, పోయిన తారీఖులు కాక చెప్తుంటే, ఆ తమ్ముడు నోటుబుక్కుల రాసుకున్నడు.